అవ్వ మానేసిన నీళ్లు

మా అవ్వకు మతి పోయిందని మా పెద్దనాయిన, అంటే ఆమె కన్న పెద్దకొడుకే, నలుగురిలో చెప్పాడు. అది అన్యాయం. అరవై ఏళ్లు గడిచినా నేను ఒప్పుకోను. మొన్న నాకు రెండు రోజులు మాట తడబడితే డాక్టరు ముందుగా మూత్రం పరీక్ష రాశాడు. అందులో చీము ఉందని, ముసలితనంలో అది మతిని కూడా తడబరుస్తుందని చెప్పి మాత్రలిచ్చాడు. అప్పటినుంచి కోడలు గంటకోసారి చెంబు తెచ్చి నా ముందు పెట్టి, తాగేదాకా కదలడం లేదు. ఆ చెంబు చూసినప్పుడల్లా అవ్వే గుర్తొస్తోంది.

మాది గొర్రెల ఇల్లు. పగలు తల్లులు మేతకు పోతే పిల్లలు గంపల కింద ఉండేవి. పొద్దుగూకి మంద రాగానే అవ్వ గంపలెత్తి ఏ పిల్లను ఏ తల్లి కింద విడవాలో విడిచేది. అరవై పిల్లలున్నా ఒక్కటి తప్పేది కాదు. మనవళ్ల పేర్లు మాత్రం ఎప్పుడూ కలిపేసేది. ఆమెకు మేమే ఒక్క తీరుగా కనిపించేవాళ్లమేమో. అలాంటిది ఎండలు ముదురుతున్న రోజుల్లో రెండు సాయంత్రాలు వరసగా పిల్లలను వేరే తల్లుల కింద విడిచింది. తల్లులు తన్నాయి. మూడోనాడు, ఎప్పుడో పోయిన మా తాతకు అన్నం పెట్టమంది. ఇక గంపలు ముట్టుకోవద్దన్నాడు పెద్దనాయిన. ఆ పని పోతే అవ్వకు ఆ ఇంట్లో ఏం మిగిలినట్టు?

నేను బడి మొహం చూడకుండా పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ని. ఆ పడుచు వయసులో కొంచెం పొగరు కూడా ఉండేది. తాయెత్తు కడదామన్న మాట వినకుండా బండి కట్టి అవ్వను నారాయణపేట దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి నర్సమ్మ తల సంగతి అడగనేలేదు. "ఒంటికి పోతుంటే మంటనా అవ్వా? నీళ్లు తాగుతున్నవా?" అంది. అవ్వ నాకు వినపడొద్దని ఆమె చెవి దగ్గరికి వంగింది. చెవుడు మనిషి కదా, ఆ గుసగుస బయట ఎద్దులకు కూడా వినపడింది. "గొర్ల దొడ్డి పెద్దగ జేస్తనని పెద్దోడు ఇంటెనుక తంగేడు పొదలన్ని కొట్టిచ్చిండు. పగటిపూట చాటు యాడుంది బిడ్డా? అందుకే నీళ్లు బంద్ జేసిన."

మాత్రలు, చెంబులకొద్దీ నీళ్లు. వారం తిరిగేసరికి అవ్వ గంపల దగ్గరికి వచ్చి, పెద్దకోడలి చేతిలోంచి గొర్రెపిల్లను లాక్కొని దాని అసలు తల్లి కింద విడిచింది. తంగేడు పొదల సంగతి చెప్పి, మతి పోయిందన్న మాట వెనక్కి తీసుకోమని నేను పెద్దనాయినను రోజూ అడిగాను. ఆయన మందను చూసేవాడు, మబ్బును చూసేవాడు, నన్ను తప్ప. ఇప్పుడు ఆయన వయసు దాటాను, అవ్వ వయసూ దాటాను. కోపం పోలేదు గాని, దాని పక్కన ఎప్పుడో ఒక నవ్వు వచ్చి కూచుంది. కాలం చేసే పని అంతేనేమో. అప్పట్లో నేను అడగ్గా అడగ్గా, ఆఖరికి ఒక పొద్దున ఆయన దొడ్డి వెనకనుంచి మన్ను చేతులతో వచ్చి నాకు జవాబిచ్చాడు:

"దొడ్డెనుక తడక కట్టిన. మీ అవ్వను ఇగ నిమ్మళంగ నీళ్లు తాగుమను."