ఎడారిలో పక్క సీటు

మొన్న శనివారం మా మనవరాలు షామ్‌బర్గ్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటి నుంచి నన్ను అరోరా గుడికి తీసుకువెళ్తుంటే, గుడి కాస్త దూరంలో ఉందనగా వచ్చే సిగ్నల్ దగ్గర, ఎవరూ అడగకుండానే నా నోట్లోంచి “ఎడమకి” అన్న మాట వచ్చేసింది. అప్పటికే ఫోన్‌లోని ఆడగొంతు ఆ ముక్క రెండుసార్లు చెప్పేసి ఉంది. “అమ్మమ్మా, ఫోన్ చెప్పింది కదా, నువ్వు జస్ట్ రిలాక్స్ అవ్వు” అంది ఆ పిల్ల, ప్రేమగానే. రిలాక్స్ అవుదామనే చూశాను. కానీ బండి నడిపేవాళ్ల పక్కన కూర్చున్న మనిషికి ఇక పనంటూ ఏమీ మిగల్లేదని ఆ మాటతో తెలిసొచ్చింది. అదే సీట్లో కూర్చుని నేను ఒకప్పుడు నెవాడా ఎడారిలో ఏం చేశానో ఆ పిల్లకి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలో తెలియక, ఒళ్లో కొబ్బరికాయల సంచీ సర్దుకుని ఊరుకున్నాను.

డెబ్బైల చివర్లో పెళ్లయి నేను ఈ దేశానికి, ఈ అరోరా ఊరికి వచ్చేనాటికి అక్కడ ఇప్పటిలా వీధికో తెలుగిల్లు లేదు, గుడి అసలే లేదు. మావారు ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మంచివారే. కోపం లేదు, విసుగు లేదు, అలాగని మాటా లేదు. చలికాలంలో చీకటితో వెళ్లి చీకటితో వచ్చి, పెట్టింది తిని, బాగుందని చెప్పి, గరాజ్‌లోకి వెళ్లిపోయేవారు. మన తరం ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, కోప్పడే మొగుడితో వేగే ఆడదానికి అయ్యో పాపం అనేవాళ్లయినా దొరుకుతారు, మాట్లాడని మొగుడున్న ఆడదాన్ని అందరూ అదృష్టవంతురాలివంటారు. మధ్యాహ్నం కుక్కర్ కూత వేస్తే “ఆఁ, వస్తున్నా” అని పైకే అనేదాన్ని, ఇంట్లో ఒక మనిషి గొంతు వినపడాలని.

గరాజ్‌లో ఆయనకో పాత జీపు ఉండేది. రెండు చలికాలాలు దాని కింద పడుకుని, ఊడదీసి బిగించి, దాన్నొక దారికి తెచ్చారు. ఫ్యాక్టరీలో జీపుల పిచ్చి ఉన్నవాళ్లంతా ఒక క్లబ్బుగా చేరి వసంతంలో నెవాడాలో జరిగే ఎడారి ర్యాలీకి వెళ్లేవారట. అది వేగం పందెం కాదు. నిర్వాహకులు ఎడారిలో అక్కడక్కడా జెండాలు పాతి, అవి ఎక్కడున్నాయో మ్యాపు మీద గుర్తులు పెట్టి ఇస్తారు. దిక్సూచి, జీపులోని మైళ్ల మీటరు, ఈ రెండింటి సాయంతో వాటిని వెతుక్కుంటూ పోవాలి. జీపుకు ఇద్దరు, ఒకరు నడపాలి, పక్కనున్నవాళ్లు దారి చెప్పాలి. ఆయనతో రావలసిన తోటి ఉద్యోగి మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ సాయంత్రం మావారు వంటింటి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి “ఏమోయ్, నీకు మ్యాపు చదవడం వచ్చా?” అని అడిగారు. నేను జాగ్రఫీలో డిగ్రీ చేశాను. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి తప్ప అది దేనికైనా పనికొస్తుందని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నాతో సహా.

ఆదివారాల్లో అరోరా చుట్టుపక్కల మొక్కజొన్న పొలాల మధ్య ప్రాక్టీస్ చేశాం. జీపులోని ఇనుము దిక్సూచి ముల్లును లాగేస్తుందని, ప్రతిసారీ దిగి దూరంగా నడిచివెళ్లి చూసుకుని వచ్చి దిక్కు చెప్పేదాన్ని. మ్యాపులో ఉత్తరమూ ముల్లు చూపే ఉత్తరమూ ఒక్కటే అన్నట్టు లెక్క చక్కగా సరిపోయేది. ఆయన తలూపేవారు. అంతకుమించి మాటల్లేవు గానీ, ఆ తలూపడమే నాకు వారమంతా సరిపోయేది.

ఎడారి అంటే ఇసుక దిబ్బలనుకున్నాను. అది రాళ్లూ, మోకాలెత్తు బూడిదరంగు పొదలూ, కళ్లు నొప్పెట్టేంత దూరంలో కొండలూ. చీర పనికిరాదని ఆయన ప్యాంటు తాడుతో బిగించి కట్టుకున్నాను. అందరూ డబ్బాల్లోని చిక్కుళ్లు తెచ్చుకుంటే నేను పులిహోర కట్టుకెళ్లాను, అది తింటే సగం దుమ్మే. మిగతా జంటలన్నీ ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు, ఒకరినొకరు పేర్లతో పిలుచుకుని నవ్వుకునేవాళ్లు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు, అంతే. మొదటి రోజు పొద్దువాలేలోగా సగం జెండాలైనా అందుకోనివాళ్లు రెండో రోజు ఆడకుండా ఇంటికి పోవాలన్నది నియమం. నాకు కప్పు మీద ఆశ లేదు. ఆ రెండో రోజు మాత్రం కావాలి. అది పోతే మళ్లీ ఆ వంటిల్లూ ఆ కుక్కరూ అని నాకు తెలుసు.

మొదటి జెండా దొరకనే లేదు. రెండోది, ఇంకో జీపు దుమ్ము కనబడితే దాన్ని బట్టి పోయి అందుకున్నాం, అది మాకు ఎడమవైపు చాలా దూరంలో ఉంది. మూడోదీ అంతే, ఎడమవైపే. ఆయన మైళ్ల మీటరు మీద వేలితో కొట్టి చూశారు తప్ప నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఏడుపొచ్చింది. నన్ను తెచ్చుకున్నందుకు బాధపడుతున్నారేమోనని ఒకటే గుబులు.

మధ్యాహ్నం ఎండలో మ్యాపు ఒళ్లో పరుచుకుని చూస్తుంటే అడుగున మూల రెండు చిన్న బాణాలు కనబడ్డాయి. అప్పుడు మా కాలేజీ మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. ముల్లు చూపే ఉత్తరం వేరు, మ్యాపు ఉత్తరం వేరు, ఆ తేడా ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది. అరోరాలో అది లేనట్టే లెక్క, అందుకే మా ఇద్దరి మధ్యా ఆ ఊసే రాలేదు. ఈ ఎడారిలో పదిహేను డిగ్రీలకు దగ్గరగా ఉంది. పొద్దుట్నుంచీ మేం కుడికి కుడికి జరిగిపోతూనే ఉన్నాం.

తెలిసింది సరే, చెప్పడమెలా? పెళ్లయిన దగ్గర్నుంచి నేనాయన్ని కాదన్నది లేదు, ఆగమన్నది అసలే లేదు. “ఏమండీ” అన్నాను. ఇంజను చప్పుడులో నాకే వినపడలేదు. ఆయన కళ్లు చిట్లించుకుని తిన్నగా పోతున్నారు, తప్పు దిక్కుకే. మరోసారి “ఏమండీ” అన్నాను. చివరికి నా గొంతేనా అనిపించేంత గట్టిగా “ఆపండి!” అని అరిచాను.

బ్రేకు పడింది. మా వెనకాల లేచిన దుమ్మంతా ముందుకొచ్చి మమ్మల్ని కమ్మేసింది. ఇక తిట్లే అనుకున్నాను. ఆయన ఇంజను ఆపి, నావైపు తిరిగి కూర్చున్నారు. నేను మ్యాపు మీద పెన్సిలుతో గీసి, ఇక మీద ప్రతి దిక్కులోనూ ఇంత ఎడమకి జరగాలని చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నారు. అలా నా మాట మొదలు నుంచి చివరిదాకా ఆయన వినడం అదే మొదటిసారి.

“ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?”

“ఎడమవైపే ఉంటున్నాయని మూడో జెండా దగ్గరే అనిపించింది. మీరు అడగలేదుగా.”

“అడగడం నాకు చేతకాదోయ్. నేను అడిగేదాకా ఆగకు, చెప్పేస్తూ ఉండు” అన్నారు.

సాయంత్రానికి సరిగ్గా సగం జెండాలు అందుకుని గట్టెక్కాం. ఇక ఆ రెండో రోజు ఉందే, దాన్ని తలచుకునే ఇన్నేళ్లూ బతికానంటే అతిశయోక్తి అనుకోకండి. ప్రతి మిట్ట మీదా ఆయన జీపు ఆపి, “ఇప్పుడెటు?” అని తనే అడిగేవారు. నేను చెప్పేదాన్ని, అటే తిప్పేవారు. మధ్యమధ్య మాటలు కూడా వచ్చాయి. ఫ్యాక్టరీలో తన ఇంగ్లీషుకు నవ్వుతారని మధ్యాహ్నం కార్‌లో ఒక్కణ్ణే కూర్చుని నేను కట్టిన అన్నం తింటానని అప్పుడే చెప్పారు. ఇంట్లో ఒక్కదాన్నే నేనూ, అక్కడ ఒక్కరే ఆయనా, ఒకే సాంబారన్నం ఒకే వేళకు తింటున్నామన్నమాట. ఎవరి ఒంటరితనం వాళ్లదే అనుకుంటూ మూడేళ్లు గడిపేశాం.

చివర్నుంచి రెండోవాళ్లుగా నిలిచాం. ఇంటికొచ్చాక కొన్నాళ్లు మాటలు సాగాయి, తర్వాత మెల్లగా ఆయన మౌనం ఆయన్ని చేరుకుంది. పిల్లలు పుట్టారు, జీపు అమ్మేశాం. మనిషి మారిపోయారని చెప్పలేను. కాకపోతే గుడి కట్టాక, వారం వారం వెళ్లే దారే అయినా, ఆ సిగ్నల్ దగ్గరకు రాగానే “ఇప్పుడెటు?” అని అడిగేవారు. నేను “ఎడమకి” అనేదాన్ని. పిల్లలు వెనక సీట్లో నవ్వేవాళ్లు, నాన్నకు ఇంకా దారి తెలియదని.

తర్వాత మా అబ్బాయి తెరలో దారి చూపే కొత్త కారు కొనిచ్చాడు. మొదటిసారి గుడికి వెళ్తూ ఆ సిగ్నల్ దగ్గర ఆయన నోరు తెరిచేలోపే కారులోని గొంతు చెప్పేసింది. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన మళ్లీ అడగలేదు. ఆ తెర పాడైపోతే బాగుండునని ఎన్ని ఆదివారాలు అనుకున్నానో. ఆయన పోయి ఇప్పుడు ఐదేళ్లు.

దారి తప్పే భయం లోకానికి తీరిపోయింది, మంచిదే. మా మనవరాలు ఎప్పుడూ తప్పిపోకూడదనే కోరుకుంటాను. ఆ సిగ్నల్ దగ్గర మాత్రం, దారి తెలిసినవాళ్లయినా సరే, ఒక్కసారి నావైపు తిరిగి అడిగితే బాగుండుననిపిస్తుంది.