నాయిన బన్నుకు పెట్టిన పరీక్ష

నాయిన పోయాక హసన్‌పర్తిలోని మా బేకరీ నా చేతికొచ్చింది. బట్టీ అదే, పిండి అదే, బన్ను మాత్రం అది కాదు. "అక్కా, మీ నాయిన చేతి బన్ను లెక్క లేదు," అని ప్రతివాళ్ళూ ఓ మాట అనేసి పోయేవాళ్ళు. అని ఊరుకున్నా బాగుండు, కొనడం కూడా మానేశారు. ఇలాగే సాగితే షట్టర్ దించేయాల్సిందే.

అమ్మకు ఆ ఫికర్ లేదు. రోజూ వచ్చి బట్టీ పక్కన స్టూలేసుకుని కూర్చునేది. "మీ నాయిన ఈడనే ఉన్నడు బిడ్డా. నీ చేతికి దొరుకుతలేడు, గంతే," అనేది. నాకు ఒళ్ళు జలదరించేది. ఆ వెంటనే కోపమూ వచ్చేది. ఉన్నవాడు ఆ బన్ను ఎలా చేసేవాడో చెప్పొచ్చు కదా!

ఆయన చెప్పడు కనుక నేనే కనిపెట్టాలనుకున్నాను. హైదరాబాద్ కంపెనీలో నేను వదిలొచ్చిన ఉద్యోగం అదే, ఏది మారిస్తే ఏమవుతుందో పరీక్ష పెట్టి తేల్చడం. పిండి పొంగే సమయం, బట్టీ వేడి, పాలా నీళ్ళా అన్నది, ఈ మూడింటినీ రకరకాలుగా కలిపి చేశాను. ఏది ముందు కాల్చాలో చీటీలు తీశాను. ట్రేలకు రంగు కాగితాలు అంటించి, వంకలు పెట్టినవాళ్ళనే పిలిచి, ఏది ఏదో చెప్పకుండా తినిపించి మార్కులు వేయించాను.

నీలం కాగితం ట్రే దగ్గర అమ్మ ఆగిపోయింది. ముక్క నోట్లో పెట్టుకుని, కొంగుతో మొహం కప్పుకుంది. "గిదే. వచ్చిండు."

నేనూ కొరికాను. పరీక్షల రోజుల్లో నాయిన నా చేతిలో పెట్టి బడికి పంపిన బన్నే. గట్టి పైపొర, లోపల రవ్వంత పులుపు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు చాలలేదు.

మార్కులు కలిపి చూస్తే నీలానికే అన్నిటికన్నా తక్కువ. నమ్మబుద్ధి కాక మళ్ళీ కాల్చాను, మళ్ళీ తినిపించాను. మళ్ళీ అంతే. మా నాయిన బన్ను కావాలన్నవాళ్ళే, "జర పుల్లగున్నదక్కా," అని పక్కకు నెట్టేశారు. పొట్లం కడుతూ ఇంట్లో అందరి బాగోగులూ అడిగే మనిషి కోసం వాళ్ళు వచ్చేవారు కాబోలు. ఆ మనిషిని నేను ఏ ట్రేలో పెట్టను?

పాలు పోసి చేసిన మెత్తటి బన్ను గెలిచింది. దాన్నే అమ్మకానికి పెట్టాను. జనం తిరిగి వచ్చారు. "ఇప్పుడు సేమ్ మీ నాయిన చేసినట్టే ఉందక్కా," అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

ఓ పొద్దున అమ్మ బట్టీ చుట్టూ తిరిగింది. గోడవైపు, పిండి బస్తాల వెనకా చూసింది.

"మల్ల ఏడికి పోయిండు బిడ్డా?"

నేను పాల బన్నుల ట్రేని బట్టీలోకి తోశాను. అప్పటినుంచి అమ్మ బేకరీకి రావడం లేదు.