పైకప్పు లేని మేడ

ఇది అప్పుడే రాసి ఉండవలసింది. అప్పటికి నాకు గుణింతాలే సరిగా రావు. చిన్నప్పుడు తమ్ముళ్లను ఎత్తుకుని తిరగడంతో, ఆ తరవాత కాఫీ తోట పనితో సరిపోయింది. తల నెరిశాకనే సాయంత్రం బడికి వెళ్లాను.

బడిలో చేరిన ఆ ఏడాదే మిరియాలు కోస్తూ మా ఇంటాయన, తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడ్డాడు. విరిగిన ఎముక అతుక్కుంది, ఇక లేచి కూర్చోవాలి అన్నాడు కొన్నాళ్లకు డాక్టరు. ఆయన లేవలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఇలాగే ఉండిపోతాడేమోనని నా భయం.

ఒక సాయంత్రం బడిలో పంతులమ్మ, మా ఊరి పిల్లే, పుస్తకంలో ఒక బొమ్మ చూపించింది. ఆస్ట్రియా దేశంలో పెద్ద మేడ, లోపలి గది. స్తంభాలు, వాటి మీద మళ్లీ స్తంభాలు, ఆపైన మబ్బులు.

“కప్పెయ్యలేదేటి గుంటా? వానకి తడిసిపోదా?” అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. “కప్పుందమ్మా. ఆ మబ్బులు దాని మీద ఏసిన బొమ్మే. ఇటలీ ఆయన ఏసినాడు. మేడలు కట్టడం, రంగులెయ్యడం రెండూ తెలుసాయనకి.”

ఇంటికొచ్చి, పలకకపోయినా సరేనని, ఆయన వీపుకే చెప్పాను అదంతా. మా కొండల్లో గోడ లేపేది మగవాళ్లు, మట్టి పూసేది ఆడవాళ్లు. పూత మట్టిని మగవాడు ముట్టడు.

కాసేపటికి గోడవైపు నుంచే గొంతు వినబడింది. “కట్టడమూ ఆ ఇటలీవోడే, పుయ్యడమూ ఆడే అయితే ఆడి పెళ్లానికేటి పని?”

“కూకుని సూత్తాది,” అన్నాను.

ఆయన వెల్లకిలా తిరిగాడు. మా అటక అడుగు పొగకు నల్లబారి ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఊరవతల పారే గెడ్డ దగ్గర తెల్లమట్టి తవ్వి తెచ్చాను. స్టూలెక్కి, ఆయన మంచానికి పైన అటక అడుగును పూయడం మొదలుపెట్టాను. పొరుగింటి వదిన గుమ్మంలోంచి తొంగిచూసి, “అటక అడుగు ఎవులు సూత్తారే, పిచ్చిదానా?” అంది.

“పడుకున్నోడు సూత్తాడు.”

మట్టి చుక్కలు ఆయన మొహం మీద పడ్డాయి. “కళ్లల్లో పడతంది,” అన్నాడు.

“అయితే లెగు.”

గోడ పట్టుకుని, పళ్లు బిగించి, మెల్లగా లేచి కూర్చున్నాడు. నేను మాటిమాటికీ కిందికి దిగి గిన్నెలోని పూత మట్టిలో గుడ్డ ముంచడం చూసి, చెయ్యి చాపి ఆ గిన్నె అందుకున్నాడు. రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

నేను దిగకుండానే అందులో గుడ్డ ముంచాను.