వచ్చినవాళ్ళ గోలు వెనక మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. మొన్న ఆదివారం తెల్లవారుతుండగా అన్నయ్య ఫోను చేసి, "అమ్మ వెళ్ళిపోయిందే" అన్నాడు. పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. అన్నయ్య ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. కొన్నాళ్ళుగా ఆయాసపడుతోందని, తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తానని అన్నయ్య పోరుతూనే ఉన్నాడట. "ఆదివారం ఆరాధన అయ్యాక చూద్దాంలేరా" అందట. ఏ పనయినా ఆవిడకి ఆదివారం ఆరాధన అయ్యాకే. ఈసారి మాత్రం చర్చి గంట కొట్టేదాకా ఆగలేదు.

నేను ఏలూరు నుంచి వెళ్ళేసరికి వాకిలంతా జనం. భీమడోలుకీ ఉంగుటూరుకీ మధ్యన కాలవ పక్కనుంటుంది మా ఊరు. అక్కడి మిషన్ బళ్ళో పెద్దమ్మ రిటైరయ్యేదాకా టీచరుగా చేసింది కాబట్టి ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు వస్తారని అనుకున్నదే. కానీ మధ్యాహ్నానికి ఒక చేపల వ్యానొచ్చి ఆగింది. అందులోంచి తలలు నెరిసిన మగవాళ్ళు కొందరు దిగారు. ఒక్కరి మొహం కూడా నాకు తెలీదు. చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని నుంచున్నారు. నేను వెళ్ళి, "మీరెవరండీ? టీచరుగారి దగ్గర చదువుకున్నారా?" అని అడిగాను.

"లేదండీ, మాది కొల్లేటి లంకండీ," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "కుర్రాళ్ళప్పుడు మీ ఊరు ఫుట్‌బాల్ ఆడ్డానికొచ్చేవాళ్ళమండీ. టీచరమ్మగారు మాకోసం అరిచేవారండీ."

ఆ మాట అని కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటిదాకా బింకంగా ఉన్నదాన్ని, నాకూ అక్కడే దుఃఖం ఆగలేదు. మనిషి పోయాక చదువు చెప్పిందనీ అన్నం పెట్టిందనీ తలుచుకోవడం విన్నాను గానీ, మాకోసం అరిచిందని తలుచుకోవడం ఎప్పుడూ వినలేదు. ఆ అరుపేమిటో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

గ్రౌండనగానే మీరు మెట్లూ లైట్లూ ఊహించుకోకండి. బడి వెనక, కాలవకీ వరిచేలకీ మధ్య మిగిలిపోయిన జాగా అది. సరుగుడు కర్రలు పాతితే అవే గోలుపోస్టులు. పొద్దున్నే సున్నంతో గీతలు గీస్తే మధ్యాహ్నానికి గేదెలు సగం తుడిచేసేవి. ఒక మూల పల్లం. నాట్లకి చేలు బురదగా దున్నే దమ్ము రోజుల్లో పక్క చేలో నీళ్ళు అక్కడికి ఊరేవి. బంతి ఆ బురదలోకి వెళ్ళిందంటే అక్కడే కూర్చునేది, ఆడేవాళ్ళు దాని చుట్టూ చేరి ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తన్నుకునేవారు. బంతి కాలవలో పడితే, ఎవరు తన్నితే వాళ్ళే దిగి తేవాలని ఊరి కట్టడి. అందుకని మా ఊరి జట్టులో ఈత రానివాడికి చోటుండేది కాదు.

నాకు ఆట మీద మోజేమీ లేదు. పెద్దమ్మకి చాప మోసే మనిషి కావాలి, నేను పక్కింట్లో ఉన్నాను, అంతే. ఆదివారం భోజనాలయ్యాక పెద్దమ్మ చర్చికి కట్టుకున్న తెల్లచీర మార్చకుండానే గొడుగు తీసుకుని, "ఏవే, పదవే" అని గోడ మీంచి కేకేసేది. మొదట్లో మేం కూడా ఊరివాళ్ళందరితో పాటు నిద్రగన్నేరు చెట్టు నీడలోనే కూర్చునేవాళ్ళం.

ఒక ఆదివారం లంక నుంచి ఒక జట్టొచ్చింది. పడవలో కొంత దూరం, ఆటోలో కొంత దూరం వచ్చారు. కాళ్ళకి బూట్లు కూడా అందరికీ లేవు. ఆట మొదలైన కాసేపటికి వాళ్ళలో ఒక నల్లటి, సన్నటి అబ్బాయి మా వాళ్ళందరినీ తప్పించుకుంటూ వెళ్ళి గోలు కొట్టాడు. చాలా అందమైన గోలు, ఆట రాని నాకే తెలిసింది. ఊరంతా చెట్టుకింద మూతులు ముడుచుకుని కూర్చుంది. చప్పట్లు లేవు, కేక లేదు. ఆ అబ్బాయి చేతులు పైకెత్తబోయి, చుట్టూ చూసి, మెల్లిగా దించేసుకున్నాడు.

పెద్దమ్మ లేచింది. "మనింటికొచ్చినోళ్ళు గోలు కొడితే ఇలా చావింట్లో కూచున్నట్టు కూచుంటారా! ఏం మర్యాదే ఇది?" అని, గొడుగు పట్టుకుని గ్రౌండు మధ్యలోంచి నడుచుకుంటూ పోయింది. నేను చాప చంకలో పెట్టుకుని వెనకాల. రిఫరీగా ఉన్న డ్రిల్లు మాస్టారు విజిలు ఊది ఆట ఆపేశారు.

"ఏవండీ టీచరుగారూ, ఆట జరుగుతోందండీ!"

"జరగనివ్వండి మాస్టారూ. నేనటు కూచుంటాను."

వెళ్ళి లంకవాళ్ళ గోలు వెనక చాప వేయించుకుంది. గోలు కాసే వాళ్ళ గోలీని పిలిచి, "ఇందాక కొట్టినబ్బాయి పేరేంటి నాన్నా?" అని కనుక్కుంది. ఇక చూసుకోండి, ఆట అయ్యేదాకా ఆ పేరు పెట్టి అరుస్తూనే ఉంది. బళ్ళో ఏళ్ళ తరబడి ఎక్కాలు చెప్పించిన గొంతది, కాలవ అవతలికి కూడా వినపడుతుంది. ఆ రోజు మా ఊరు ఓడిపోయింది. ఊళ్ళో కొందరు "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనండీ" అని ఆవిడకి వినపడేలా అన్నారు. పెద్దమ్మ నవ్వేసి, "మన పిల్లలకి ఊరంతా ఉంది కదండీ. ఇంతదూరం వచ్చారు, వాళ్ళకెవరున్నారు?" అంది.

అది మొదలు ఆవిడ ఎప్పుడూ వచ్చినవాళ్ళ గోలు వెనకే. హాఫ్ టైములో జట్లు వైపులు మార్చుకుంటాయి కదా, అప్పుడు పెద్దమ్మా గొడుగూ, నేనూ చాపా, మజ్జిగ బిందె మోసే మనిషీ, అందరం ఈ చివర్నుంచి ఆ చివరకి ఊరేగింపుగా వెళ్ళేవాళ్ళం. మా ఊరివాళ్ళు మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టి ఏడిపించేవాళ్ళు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. ఆవిడకేమీ పట్టేది కాదు. ఆట మొదలయ్యే ముందు మజ్జిగ పోస్తూ ఒక్కొక్కళ్ళ పేరూ అడిగేది, ఆట అయ్యాక పేరుపేరునా చెప్పి పంపేది. ఓడిన జట్టయితే రెండో గ్లాసు కూడా పోసేది. "గెలిచినోడికి అందరూ చుట్టాలేనే, ఓడినోడికి మనవే దిక్కు" అనేది నాతో.

ఆట రూల్సు మాత్రం ఆవిడకి చివరిదాకా రాలేదు. ఆఫ్‌సైడ్ అంటే ఒప్పుకునేది కాదు. "ఏవండీ మాస్టారూ, ముందుకెళ్తే తప్పంటారేంటండీ? బళ్ళో మనం పిల్లల్ని ముందుకెళ్ళమనే కదండీ చెప్తాం!" అని గీత దాటొచ్చి మరీ వాదించేది. డ్రిల్లు మాస్టారు ఆవిడ పోరు పడలేక ఒకటి రెండు సార్లు విజిలు వెనక్కి తీసుకున్నారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ మర్యాదంతా బాగానే ఉంది గానీ, దాని బాధ పడ్డది ఒక్కడే, మా అన్నయ్య. తను మా ఊరి జట్టులో ఫార్వర్డు. బాగా ఆడేవాడు. గోలు కొట్టిన ప్రతిసారీ, ఊరంతా ఎగిరి గంతులేస్తుంటే, తను మాత్రం గోలు వెనక చాప వైపు చూసేవాడు. అక్కడ వాళ్ళమ్మ అప్పుడే గోలు పడిన పొరుగూరి గోలీని ఓదారుస్తూ ఉండేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అన్నయ్య రచ్చ గెలిచాడు గానీ ఇంట గెలవలేకపోయాడు.

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా పేరు పెట్టి అరవ్వే అమ్మా," అని అన్నం దగ్గర అడిగేవాడు.

"నీకు ఊరంతా అరుస్తోంది కదరా."

"ఊరంతా అరిస్తే నాకెందుకు?"

దానికి జవాబుగా పెద్దమ్మ ఇంకో గరిటె పప్పు వేసేది. అన్నయ్య అలిగి ఆ పప్పే తినేవాడు. చూడ్డానికి నవ్వొచ్చేది గానీ, అది నిజంగానే తనకి పెద్ద కోరిక అని నాకు తెలుసు. పెదనాన్న మా చిన్నప్పుడే పోయాడు. అన్నయ్యకి గట్టిగా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో ఇంకెవరున్నారు?

తరవాత అన్నయ్యకి ఆకివీడు దగ్గర సంబంధం కుదిరింది. అమ్మాయి ఒక్కతే కూతురు. పెళ్ళయిన కొన్నాళ్ళకి మావగారికి పక్షవాతం వచ్చింది, చేపల చెరువులు చూసే దిక్కు లేకపోయింది. అన్నయ్యని వెళ్ళమన్నది పెద్దమ్మే. ఇల్లరికం వెళ్ళాడని ఊరు చెవులు కొరుక్కుంది. అన్నయ్య అక్కడి జట్టులో చేరాక ఆ కొరుక్కోవడం ఇంకా ఎక్కువైంది. ఎందుకంటే ఆ జట్టు ఇప్పుడు మా గ్రౌండుకి ఆడ్డానికి రాబోతోంది. "ఎంత పని చేశాడండీ! వాళ్ళమ్మ చేత కేక వేయించుకోడానికి ఇల్లరికం వెళ్ళాడు!" అని టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వులు. అన్నయ్యా నవ్వాడు. కానీ ఆ ఆదివారం తను వ్యాను దిగిన తీరు చూస్తే, ఆ ఆశ తనకి లేదని నేను చెప్పలేను.

ఊరంతా ఆట వదిలేసి పెద్దమ్మనే చూస్తోంది. ఆవిడ ఎప్పటిలాగే వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి మజ్జిగ పోసింది. ఒక్కొక్కళ్ళ పేరూ అడిగింది. వరసలో చివర అన్నయ్య చెయ్యి చాపాడు.

"నీకెందుకురా ఇక్కడ? ఇంటికొచ్చి తాగు," అంది.

ఆట జరిగినంతసేపూ మిగతా అందరి పేర్లూ అరిచింది. అన్నయ్య పేరు ఒక్కసారి కూడా అరవలేదు. అన్నయ్య ఆ రోజు కాలు మెదపలేకపోయాడు. ఆట అయ్యాక ఇంటికి రాలేదు, మజ్జిగ తాగలేదు, జట్టుతో పాటే వ్యానెక్కి వెళ్ళిపోయాడు. తరవాత పండగలకీ పబ్బాలకీ వచ్చేవాడు గానీ మా గ్రౌండులో మళ్ళీ ఎన్నడూ అడుగుపెట్టలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక ఆవిడతో పోట్లాడాను. "ఏం పెద్దమ్మా, నీ రూలు ప్రకారం చూసినా అన్నయ్య బయటూరి నుంచొచ్చినవాడే కదా! ఒక్క కేకకి నీ సొమ్మేం పోయింది?"

పెద్దమ్మ మజ్జిగ బిందె బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వాణ్ణి చుట్టాల్లో కలపమంటావా? ఊరందరి ముందూ నేను వాడికి మజ్జిగ పోసి, మర్యాద చేసి, వాళ్ళ గోలు వెనక కూచుని వాడి పేరు అరిస్తే, వీడింక ఈ ఊరివాడు కాదు, ఈ ఇంటివాడు కాదని నేనే చాటింపేసినట్టు కదే. నా నోటితో నేనెలా అననే?"

అలా చెప్పి ఏడ్చింది. పెద్దమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఈ మాట అన్నయ్యకి చెప్పాను. "అన్నిటికీ ఏదో ఒక న్యాయం ఉంటుందిలే ఆవిడ దగ్గర" అని ఊరుకున్నాడు. ఇద్దరిదీ తప్పు లేదు. ఇద్దరికీ మధ్య ఒక గ్లాసు మజ్జిగ ఏళ్ళ తరబడి అలా ఉండిపోయింది.

భూస్థాపన అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, అన్నయ్యా నేనూ అరుగు మీద కూర్చున్నాం. తనకిప్పుడు తల పూర్తిగా నెరిసింది. "ఆకివీడు ఆట గుర్తుందా?" అన్నాడు. అడగాలా! దాని గురించి చెప్పకుండా పెద్దమ్మ గురించి చెప్పినట్టే కాదు.

పెద్దమ్మ రిటైరయ్యాక జరిగిందది. ఆకివీడు పక్కన అన్నయ్య వాళ్ళ ఊళ్ళో ఆటలు పెట్టి మా ఊరి జట్టుని పిలిచారు. వాళ్ళ జట్టులో ఎవరో కుర్రాడికి జ్వరమొస్తే, పొట్ట వచ్చిన మా అన్నయ్యని బతిమాలి ఆటలోకి దింపారు. ఈ సంగతి తెలిసి నేను పెద్దమ్మతో, "ఈసారి వెళ్ళకు. వెళ్తే మళ్ళీ అన్నయ్యకి ఎదురుగా కూచోవాలి" అన్నాను. నిజమే కదా, అక్కడ అన్నయ్యది సొంతూరు, మా పిల్లలు వచ్చినవాళ్ళు. పెద్దమ్మ గొడుగు వెతుక్కుంటూ, "మన పిల్లలు పరాయి ఊరు వెళ్తున్నారు. అక్కడ వాళ్ళకెవరున్నారే?" అంది. మోకాళ్ళ నొప్పులతోనే వ్యానెక్కింది. నేను చాప తీసుకున్నాను.

చుట్టూ చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు, మధ్యలో గ్రౌండు. మా గోలు వెనక చాప వేశాను. ఆవిడ మా పిల్లల పేర్లు అరవడం మొదలుపెట్టింది. అన్నయ్య మా వైపు చూడలేదు. చూడకూడదని తల తిప్పుకుని ఆడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆయాసంతో రొప్పుతున్నాడు. వాళ్ళ ఊరి కుర్రాళ్ళు నవ్వుతున్నారు.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా బంతి అన్నయ్య కాలికి దొరికింది. ముందర ఎవరూ లేరు. మా గోలీ ఒక్కడే, వాడి వెనక మేము. అన్నయ్య పాత అన్నయ్యలా పరిగెత్తుకొస్తున్నాడు, తిన్నగా మా వైపే. నా చెయ్యి మీద ఏదో బరువు పడింది. చూస్తే పెద్దమ్మ నన్ను ఊతంగా పట్టుకుని లేస్తోంది.

"బుజ్జులూ! కొట్టరా బుజ్జులూ! కొట్టరా నా తండ్రీ!"

అది అన్నయ్యకి ఉయ్యాల్లో పెట్టిన పేరు. ఇంటి గడప దాటి ఎవరూ విననిది. తనేమో ఇప్పుడు పిల్లల తండ్రి, చెరువుల యజమాని, ఊళ్ళో అందరూ అండీ అని పిలిచే మనిషి. గ్రౌండంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మా జట్టు కుర్రాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళకోసం వచ్చిన మనిషి వాళ్ళ గోలు వెనకే నిలబడి వాళ్ళ మీద గోలు కొట్టమంటోంది.

అన్నయ్య కాళ్ళు ఆగిపోయాయి. బంతి దారిన బంతి దొర్లుకుంటూ వచ్చి మా గోలీ చేతుల్లో పడింది. వాడు దాన్ని దూరంగా తన్నేశాడు. అందరూ అటు పరిగెత్తారు. ఈ చివర పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేయరాని పని చేసినదానిలా నిలబడిపోయింది. ఆట అవతలి గోలు దాకా వెళ్ళిపోయినా, అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, అక్కడే నిలబడి అమ్మ వైపు చూస్తున్నాడు.