మాస్టారు చదివిన ఆకాశరామన్న ఉత్తరం

తొంభైల్లో నేను రైలు మెయిల్ బోగీలో ఉత్తరాలు సార్ట్ చేసేవాణ్ణి. గూళ్ల ముందు నిలబడి, బండి కాజీపేట చేరేలోపు వరంగల్ కట్టలన్నీ కట్టేయాలి. చిక్కడపల్లిలో కిరాయికుండేవాళ్లం.

మా గల్లీలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. ఒక మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతుంటే ఆపారు.

"కోపంల వియ్యంకునికి ఉత్తరం రాసి డబ్బాల వేసిన. నీ బోగీలకే వస్తది. జర తీసి ఇయ్యి."

"నేనట్ల తియ్యరాదు సార్. పోస్టాఫీసుల అర్జీ పెట్టుండ్రి."

ఆయన విసురుగా వెళ్లిపోయారు. నెల తిరక్కుండా నా మీద మా పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది, నేను కవర్లు విప్పి చదువుతానని. నన్ను బోగీ నుంచి దింపి, చిరిగిన సంచులు ఏరే పనిలో వేశారు. నారాయణగూడ మార్కెట్లో ఎవరో మా ఆవిడను "మా ఉత్తరాలు గూడ చదువుతడా మీ ఆయన?" అని అడిగారట. ఆమె కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేసింది. ఆ ఖాళీ సంచీ చూశాక నాకు అన్నం సహించలేదు.

విచారణలో ఆ ఉత్తరం జిరాక్స్ ఇచ్చారు. రాత వంకరగా ఉంది, పోల్చలేం. రాసింది మాస్టారేనని నాకు తెలుసు గాని రుజువు లేదు. జిరాక్స్‌లో అడుగు వరస పడక, ఆఖరి వాక్యం "ఇటువంటి వానిని" దగ్గరే తెగిపోయింది. ఆ తెగినచోటే నాకు దారి దొరికింది.

మాస్టారు రోజూ పొద్దున పేపరు చదివాక లైబ్రరీ మెట్ల మీద పెన్షనర్లతో కూర్చునేవారు. వెళ్లి కాగితం చేతికిచ్చాను.

"నా మీద ఎవరో రాసిన్రు సార్. జర అందరికీ చదివి చెప్పుండ్రి."

పాఠం చెప్పినట్టే గొంతెత్తి చదివారు. "ఇటువంటి వానిని కుటుంబముతో సహా ఆదిలాబాదు అడవులకు బదిలీ చేయవలెను" అని ముగించారు.

పక్కనున్న పెన్షనర్ కాగితం మీదికి వంగాడు. "ఆదిలాబాదు యాడుంది సార్? ఇందుల రాసి లేదు గదా!"

మాస్టారు కాగితం వెనక్కి తిప్పి చూశారు. అక్కడా ఏమీ లేదు. ఆయన మొహం నల్లబడుతుంటే నేను రెప్ప వేయకుండా చూశాను.

ఆ పెన్షనరే విచారణకొచ్చి, విన్నది విన్నట్టు చెప్పాడు. ఆఫీసరు అసలు ఉత్తరం తీయించారు. అక్షరం పొల్లు పోకుండా అదే మాట ఉంది. వారం లోపు మళ్లీ బోగీ ఎక్కాను.

మాస్టారు అశోక్‌నగర్‌కు ఇల్లు మారారు. ఆయన కొత్త గల్లీలోని కిరాణా కొట్టుకు పనిగట్టుకుని వెళ్లి, ఈ సంగతంతా చెప్పొచ్చాను.

"ఇగ చాలు, ఇడ్సిపెట్టు," అంది మా ఆవిడ.

మరుసటి ఆదివారం ఆయన బట్టలిచ్చే ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను.