ఆరు ఇచ్చిన ఒకటి

సునీల టీచరు ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. వానాకాలం పొద్దున మూడో తరగతి పిల్లలకు తీసివేతలు చెబుతోంది. బోర్డు మీద అరవై రెండు, దాని కింద ఇరవై ఏడు. శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీకి అవతలి ఊరది. విమానం దిగుతుంటే పాఠం ఆపడం, చప్పుడు దూరమయ్యాక ఆగిన మాట దగ్గరి నుంచే అందుకోవడం అక్కడి టీచర్లకు అప్పటికే అలవాటైపోయింది.

"రెండులకెళ్లి ఏడు పోతదా? పోదు. అప్పుడేం చేస్తం? పక్కింటికి పోయి ఒకటి తెచ్చుకుంటం. ఆరు ఒకటిచ్చింది, అయిదైంది. ఇక్కడ రెండు పన్నెండైంది."

మూడో వరుసలోంచి సంతోషి లేచి నిలబడింది. విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ పని చేసే లచ్చమ్మ కూతురు. ఎనిమిదేళ్లు ఉంటాయి.

"టీచర్, ఆరు ఇచ్చింది ఒకటే గదా. మరి ఇక్కడికొచ్చేసరికి పది ఎట్లయింది?"

పిల్లలు నవ్వారు. సునీల నవ్వలేదు. కోపమూ రాలేదు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం బోర్డు వైపు చూసింది.

"గట్లనే అయితది. కూసో" అంది.

సంతోషి కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ ఏమీ అడగలేదు.

సునీలకు లెక్కలు రావని ఎవరూ అనలేరు. పదో తరగతిలో తన బడి మొత్తంలో లెక్కల్లో ఎక్కువ మార్కులు ఆమెవే. తండ్రి యోనా కౌలుకు తీసుకున్న మడిలో ఆకుకూరలు పండించేవాడు. చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పిన సారు చేతిలో చింతబరిగె ఉండేది. ఏడో ఎక్కంలో తడబడిన రోజు అరచేయి వాచింది. మర్నాటికి ఏడో ఎక్కమే కాదు, పదిహేడో ఎక్కం కూడా అప్పజెప్పింది. లెక్కలు రావడమంటే తప్పు లేకుండా అప్పజెప్పడమేనని అప్పుడు మనసులో పడిపోయింది. టీటీసీ చదివి, డీఎస్సీ రాసి టీచరయ్యాక బరిగె మాత్రం పట్టలేదు. మిగతాదంతా ఆ సారు చెప్పినట్టే చెప్పింది. ఆమె క్లాసు పిల్లలు ఇరవై ఎక్కాలూ పాటలా పాడేవాళ్లు. తనిఖీకి వచ్చిన అధికారులు మెచ్చుకుని పోయేవాళ్లు.

ఆ పిల్లల్లో సంతోషి కూడా ఎక్కాలు పాడేది. తీసివేత దగ్గరికి వచ్చేసరికి మాత్రం అరవై రెండులో ఇరవై ఏడు పోతే నలభై అయిదు అని రాసేది. సునీల ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి, సరైన లెక్క పదిసార్లు రాసుకు రమ్మనేది. సంతోషి పదిసార్లూ అందంగా రాసుకొచ్చేది. కొత్త లెక్క ఇస్తే మళ్లీ అదే తప్పు. అయిదో తరగతికి వచ్చేసరికి చివరి వరుసలో కూర్చుని పక్క పిల్ల నోట్సు చూసి రాసుకోవడం నేర్చుకుంది. హైస్కూలుకు వెళ్లింది. ఎనిమిదిలో బడి మానేసిందని లచ్చమ్మ ఒకసారి దారిలో కలిసి చెప్పింది.

"దానికి సదువు అబ్బలేదు టీచరమ్మా" అంది లచ్చమ్మ. సునీల "అయ్యో" అంది. అంతకు మించి ఆలోచించలేదు. ఏటా ఒకరో ఇద్దరో అలా మానేస్తూనే ఉంటారు.

ఆ తర్వాత బదిలీ అయి అత్తాపూర్ వైపు ఎనిమిదేళ్లు పనిచేసింది. మళ్లీ బదిలీల్లో పాత బడికే వచ్చింది. అప్పటికి ఊరి చుట్టూ గోదాములు లేచాయి. గదులకు కొత్త రంగు పడింది. పిల్లలు యాభై ఎనిమిది మంది, టీచర్లు ఇద్దరే. రెండో టీచరు శ్రావణ్‌కుమార్, ఆమెకంటే చిన్నవాడు. హెడ్మాస్టరు పని కూడా అతనే చూస్తాడు.

పోయిన ఏడాది అర్ధసంవత్సర పరీక్షలయ్యాక ఒక సాయంత్రం సునీల ఇంట్లో మూడో తరగతి పేపర్లు దిద్దుతోంది. డెబ్బై ఒకటిలోంచి ముప్పై ఎనిమిది తీసేయమన్న లెక్కకు ఒక పిల్ల నలభై ఏడు అని రాసింది. అడ్డంగా గీత కొట్టింది. తర్వాతి పేపరులోనూ నలభై ఏడే. కాపీ కొట్టారనుకుంది. పేర్లు చూస్తే ఇద్దరూ ఎదురెదురు గోడల దగ్గర కూర్చునేవాళ్లు. పెన్ను పక్కన పెట్టి పేపర్లన్నీ నేల మీద పరిచింది. పద్నాలుగు మందిలో ఆరుగురు నలభై ఏడు అనే రాశారు.

తెలియని పిల్లలు తోచిన అంకె వేస్తారని ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. తోచింది వేస్తే ఆరుగురికీ ఒకే అంకె ఎలా తోస్తుంది?

మర్నాడు ఆ ఆరుగురిలో అనుపమ అనే పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది ఎట్ల చేసినవో నాకు చెప్పమ్మా. తప్పని కాదు, నాకు తెల్వక అడుగుతున్న."

అనుపమ భయంభయంగా వేలు పెట్టి చూపించింది. "ఏడులకెళ్లి మూడు తీసేస్తే నాలుగు. ఎనిమిదిలకెళ్లి ఒకటి తీసేస్తే ఏడు."

"ఎనిమిది కింద ఉన్నది గదా. పైదాంట్లకెళ్లి గదా తీసెయ్యాలె?"

"పెద్దదాంట్లకెళ్లే చిన్నది తీసెయ్యాలె, చిన్నదాంట్లకెళ్లి పెద్దది పోదు అని మీరే చెప్పిన్రు గదా టీచర్."

చెప్పింది. ఒకటో తరగతిలో, వేళ్ల మీద లెక్క చేయించేటప్పుడు, ప్రతి బ్యాచికీ చెప్పింది. ఈ పిల్ల ఆ మాట మరచిపోకుండా పట్టుకుని, పెద్దంకె ఎక్కడుంటే అక్కడి నుంచి చిన్నదాన్ని తీసేసింది. టీచరు మాట విన్నందుకే తప్పు వచ్చింది.

సునీల ఆ పూట పిల్లలను బొమ్మలు గీసుకోమని కుర్చీలో కూర్చుంది. అరవై రెండులో ఇరవై ఏడు పోతే నలభై అయిదు అని రాసిన సంతోషి పాత నోట్సు కళ్లముందుకు వచ్చింది. దాంతో పాటే ఆ పిల్ల లేచి నిలబడి అడిగిన ప్రశ్న. పదిహేనేళ్లు గడిచాయి. జవాబు తనకు ఇప్పటికైనా తెలుసా అని వెతుక్కుంటే, ఎలా చేయాలో తెలుసు గానీ ఎందుకలా చేస్తామో పిల్లకు చెప్పగలిగేటట్టు తెలియదు. 'పదుల స్థానం' అన్న మాట బోర్డు మీద వేలసార్లు రాసింది. అది ఒక గడి పేరులాగే ఉండిపోయింది.

ఆ శనివారం సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్లింది. తండ్రి యోనా అక్కడే ఉంటాడు. వయసు డెబ్బై దాటినా కొత్తిమీర కట్టలు కట్టడం మానలేదు. మార్కెట్టుకు పోయే సరుకు వరండాలో తడిగోనె మీద ఉంది. పది కట్టలు కలిపి ఒక మోపు. పక్కింటావిడ వచ్చి ఇంట్లో ఫంక్షన్ ఉందని ఏడు కట్టలు అడిగింది. విడి కట్టలు రెండే ఉన్నాయి.

"బిడ్డా, ఒక మోపు ఇప్పు" అన్నాడు యోనా.

సునీల మోపు తాడు విప్పింది. పది కట్టలు ఆమె ముందు విడివడ్డాయి. పక్కనున్న రెండింటితో కలిపి పన్నెండు. ఏడు తీసి ఇచ్చింది. అయిదు మిగిలాయి. ఆమె తాడు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు యోనా.

"ఏం లేదు బాపు. మోపు ఒకటే గదా."

"ఒకటే."

"ఇప్పితే పది."

"పది కట్టలు కడితేనే గదా మోపైంది. ఇప్పితే పది గాక ఏమైతది?" కూతురు ఏమంటోందో అర్థం కాక ముసలాయన మళ్లీ తన పనిలో పడ్డాడు.

బడిలో చేరకముందు నుంచీ ఆమె మోపులు కట్టింది, విప్పింది. బడిలోకి పోయాక ఆ చేతుల లెక్కకూ పలక మీది లెక్కకూ పొత్తు ఉందని ఎవరూ చెప్పలేదు. ఆమె తన పిల్లలకూ చెప్పలేదు.

సోమవారం రెండు కొబ్బరి చీపుర్లు, రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్టు తీసుకుని బడికి వెళ్లింది. పిల్లలతోనే పుల్లలు విరిపించి, పదేసి చొప్పున కట్టలు కట్టించింది. అదేమీ ఒక్క రోజులో కుదిరిన పని కాదు. మొదటి రోజు సగం పుల్లలు కత్తియుద్ధాలకు పోయాయి. కొందరు తొమ్మిదికే బ్యాండు వేశారు, కొందరు పదకొండుకు. పుల్లలతో సరిగ్గా చేసిన పిల్లలు నోట్సులో రాయమంటే మళ్లీ నలభై ఏడు రాశారు. కట్ట విప్పగానే బోర్డు మీది అంకె కొట్టేసి మార్చాలని, చేతి పనీ రాతా ఒకదాని వెంట ఒకటి నడవాలని ఆమెకే నాలుగో రోజున తట్టింది. పక్కింటికి పోవడం అన్న మాట పూర్తిగా మానేసింది. "కట్ట ఇప్పుదాం" అనడం మొదలుపెట్టింది.

రెండు వారాలు ఒక్క తీసివేతతోనే గడిచాయి. శ్రావణ్‌కుమార్ ఒకటి రెండుసార్లు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

"మేడం, సిలబస్ వెనకబడ్తది. పైనోళ్లు అడిగితే నేను చెప్పాలె."

"నాకు తెలుసు సార్. ఒక వారం ఇయ్యండి."

ఊళ్లోంచి కూడా మాట వచ్చింది. అనుపమ తాత రాజయ్య మనుమరాలిని తీసుకుపోవడానికి వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"టీచరమ్మా, బడికెల్లి ఎక్కాల సప్పుడు ఇనవడ్తలేదు. చెప్తలేరా ఏంది?"

ఆ మాటలో న్యాయం ఉందని సునీలకు అనిపించింది. ఎక్కాలు వస్తే చేతికి అందివచ్చినట్టుంటుంది, అది అబద్ధం కాదు. మర్నాటి నుంచి పొద్దున పది నిమిషాలు ఎక్కాలు మళ్లీ మొదలుపెట్టింది. కాకపోతే ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది అన్నాక ఎవరో ఒకరు దాన్ని పుల్లలతోనో చుక్కలతోనో చూపించాలి. నెల తిరిగేసరికి ఆరుగురిలో అయిదుగురికి తీసివేత కుదిరింది. ఒకరికి కుదరలేదు. ఆ పిల్లకు ఇంకా పది దాకా లెక్కపెట్టడమే నిలకడగా లేదని అప్పుడు తెలిసింది. ఆమెతో అక్కడి నుంచే మొదలుపెట్టింది.

సంతోషి మాత్రం మనసులోంచి పోలేదు. లచ్చమ్మను అడిగితే, పెళ్లయి జల్‌పల్లిలో కిరాయికి ఉంటోందని, రావిర్యాల వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోతుందని చెప్పింది. ఒక రెండో శనివారం సునీల స్కూటీ మీద వెళ్లింది. హ్యాండ్‌బ్యాగులో క్లాసు పుల్లల కట్టలు ఉండనే ఉన్నాయి.

సంతోషి గుర్తుపట్టి, చీర కొంగు సర్దుకుని, కుర్చీ తుడిచి వేసింది. చాయ్ పెట్టింది. సునీల ఆ రోజు సంగతి చెప్పింది. అరవై రెండు, ఇరవై ఏడు, ఆమె లేచి అడిగిన మాట.

"నాకు యాదికి లేదు టీచర్. నేనట్ల అడిగిన్నా?"

"అడిగినవ్."

"నేను మొద్దును గదా టీచర్. లెక్కలు అసలే రాకుండె. ఎనిమిదిల సారు బోర్డు కాడికి పిలుస్తడని కడుపు నొస్తుందని చెప్పి పండుకుంటుంటి. గట్లనే బడి మాన్పిన్రు."

సునీల గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు మొద్దువు కాదు సంతోషీ. నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నాకే జవాబు తెల్వకుండె. తెల్వదని చెప్పకుండ నిన్ను కూసోబెట్టిన."

పెద్దవాళ్లు, అందులోనూ టీచరు, ఇలా మాట్లాడడం సంతోషి ఎప్పుడూ వినలేదు. కిటికీ వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగి, "మరి ఎట్లయింది టీచర్?" అంది.

"ఏంది?"

"గదే. ఒకటిస్తే పది ఎట్లయింది?"

సునీల బ్యాగులోంచి ఆరు కట్టలు, రెండు విడి పుల్లలు తీసి చాప మీద పెట్టింది. ఇందులోంచి ఇరవై ఏడు తియ్యి అంది. సంతోషి రెండు కట్టలు పక్కకు జరిపింది. ఏడు పుల్లల కోసం రెండింటి వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఇంకో కట్ట తీసుకుని బ్యాండు లాగేసింది. ఏడు లెక్కపెట్టి ఇచ్చేసింది. చాప మీద మూడు కట్టలు, అయిదు పుల్లలు మిగిలాయి.

"గింతేనా టీచర్?"

"గింతే."

"ఫ్యాక్టరీల దినాం చేసే పనే గిది. డబ్బాకు పది వస్తయి. తక్కువపడితే డబ్బా ఇప్పుతం." ఆమె గొంతులో సంతోషం లేదు, నిష్ఠూరమూ లేదు. తను పోగొట్టుకున్న వస్తువును ఎవరో ఇన్నాళ్లకు తెచ్చిచ్చినట్టు ఆ అయిదు పుల్లలను అరచేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత అన్నింటినీ జాగ్రత్తగా కట్టలు కట్టి సునీలకు ఇచ్చేసింది. వెళ్లేటప్పుడు సందు చివరి దాకా వచ్చి సాగనంపింది. సునీల స్కూటీ మీద తిరిగి వస్తూ, తేలికపడుతుందనుకున్న మనసు తేలికపడకపోవడం గమనించింది. ఆ పిల్ల చదువు ఎలాగూ తిరిగి రాదు. అయినా వెళ్లకుండా ఉండాల్సింది అని మాత్రం అనిపించలేదు.

ఈ ఏడు సునీల తన క్లాసు బోర్డు కుడి మూలన ఒక చిన్న గడి గీసింది. పిల్లలు ఏదైనా అడిగినప్పుడు తనకు జవాబు తెలియకపోతే, "నాకు తెల్వది, చూసి చెప్త" అని ఆ ప్రశ్నను అందులో రాస్తుంది. మొదట్లో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీచరుకు తెలియదనడం వాళ్లకు కొత్త. తర్వాత ఆ గడి నింపడమే వాళ్లకు పనైపోయింది.

మొన్న వచ్చిన ప్రశ్న: సున్న సరి సంఖ్యా, బేసి సంఖ్యా? మధ్యాహ్న భోజనాల లెక్క రాసుకోవడానికి వచ్చిన శ్రావణ్‌కుమార్ దాన్ని చూసి నవ్వాడు.

"గిదేం ప్రశ్న మేడం? సరి సంఖ్యే."

"ఎందుకు సార్?"

"ఎందుకంటే..." అని రిజిస్టరు చంకలో పెట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. పైన విమానం దిగుతోంది. చప్పుడు పోయేదాకా ఇద్దరూ ఆగారు. చప్పుడు పోయాక అతను గడిలోని ప్రశ్నను మళ్లీ చదివాడు.

"జర ఉండనీయండి మేడం, చెరపకండి" అని తన క్లాసుకు వెళ్లిపోయాడు.