ఫోల్డర్లో పట్టని పేరు

ఆ పేరు ఇక్కడ రాయను. నాలుగేళ్లలో జీవితానికి సరిపడా రాసేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కడపలో, బద్వేలు రోడ్డు మీది ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. కరెస్పాండెంటు తన తండ్రి జ్ఞాపకార్థం పెట్టిన కాలేజీ అది. ముందు స్వర్గీయ, తర్వాత శ్రీ, తర్వాత ఊరి పేరు, ఇంటిపేరు, అసలు పేరు, చివర గారి స్మారక డిగ్రీ కళాశాల. గేటు మీద, హాజరు పట్టీల మీద, కుర్చీల వీపుల మీద, ఆఖరికి సుద్దముక్కల డబ్బా మీద కూడా అదే. ఒకసారి ఒక లెక్చరరు నోటీసులో ఆ పేరును పొడి అక్షరాల్లో రాశాడు. "ఏమప్పా, మా నాయన్ను నాలుగు చుక్కల్లోకి తెచ్చినావే" అని స్టాఫంతా చూస్తుండగా అడిగాడు కరెస్పాండెంటు. ఆ తర్వాత ఎవరూ ఆ సాహసం చేయలేదు.

కంప్యూటర్లకూ అదే చట్టం. డి డ్రైవులో కాలేజీ పూర్తి పేరుతో ఒక ఫోల్డరు. దాని లోపల మళ్లీ అదే పేరు రాసి, చివర కంప్యూటర్ విభాగం అని ఇంకొకటి. దాని లోపల మళ్లీ అదే పేరు, చివర ల్యాబ్. ఏ సాఫ్ట్‌వేరు వేసినా ఆ మూడు గడపలు దాటి లోపలే వేయాలి. పాతవి చిన్నవి కాబట్టి ఎట్లాగో సర్దుకున్నాయి.

ఆ ఏడాది ప్రాక్టికల్స్‌కు కొత్త సాఫ్ట్‌వేరు కావాలన్నారు. సోమవారం బయటి ఎగ్జామినరు వస్తాడు. నా పర్మనెంట్ ఆర్డరు కూడా ఆ నెలలోనే సంతకం కావాలి. ప్రతి ఏప్రిల్‌లో తీసేసి, ప్రతి జూలైలో కొత్తదానిలా చేర్చుకుంటూ నాలుగేళ్లు గడిపారు. ఐదో ఏడు కూడా అట్లాగే చేస్తే భరించే ఓపిక నాలో లేదు.

గురువారం పొద్దున మొదలుపెట్టాను. ముప్పావు వంతు దాకా చక్కగా ఎక్కింది. ఆగింది. ఫలానా ఫైలు తయారు చేయలేకపోతున్నానని ఒక పెట్టె వచ్చింది. సరే అని నొక్కితే అంతవరకు ఎక్కిందంతా తనే తుడిచేసుకుని పోయింది. రెండో మిషన్, అదే కథ. పదో మిషన్, అదే కథ. మధ్యలో కరెంటు పోవడం వేరే. కర్నూలు నుంచి కంప్యూటర్లు తెచ్చి ఇచ్చిన డీలరుకు ఫోన్ చేస్తే, "సీడీ గీతలు పడిండాదేమో మేడం, ఇంకోటి పంపిస్తాండా" అన్నాడు. శుక్రవారం బస్సులో ఇంకో సీడీ వచ్చింది. అదీ ముప్పావు దగ్గరే ఆగింది. అప్పుడు వైరస్ అన్నాడు. ఆ రాత్రి దాకా కూర్చుని మిషన్లన్నీ కడిగి మళ్లీ విండోస్ వేశాను, ఆ మూడు ఫోల్డర్లతో సహా. ఎంత బుద్ధిమంతురాలినో చూడండి.

శనివారం కరెస్పాండెంటు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇంగా కాలేదామ్మా? నాలుగేండ్ల నుంచి ఈడ ఏం నేర్చుకున్నావు? సోమవారానికి పని కాకుంటే ఆర్డరు సంగతి మర్చిపో."

నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం ఆ సీడీ పట్టుకుని ఏడురోడ్ల కూడలి దగ్గరి నెట్ సెంటరుకు పోయాను. అడిగి ఒక మిషన్‌లో వేశాను. కాఫీ తాగేలోపు ఎక్కేసింది. మా ల్యాబులో ఇరవై మిషన్లకూ ఒకేసారి జబ్బు చేయదు కదా. అక్కడికక్కడే నెట్‌లో వెతికితే ఎవరో రాసి ఉంది: ఫోల్డర్ల పేర్లన్నీ కలుపుకుని ఫైలు దాకా పోయే దారి మొత్తం రెండు వందల అరవై అక్షరాల లోపు ఉండాలి, దాటితే విండోస్‌కు ఆ ఫైలు పెట్టడం చేతకాదు.

తిరిగి వచ్చి మళ్లీ ఒకసారి వేసి, ఆగినప్పుడు వచ్చిన పెట్టెలోని దారినంతా కాగితం మీద దించి, వేలు పెట్టి లెక్కపెట్టాను. రెండు వందల ముప్పై ఎనిమిది అక్షరాలు ఆ పెద్దమనిషే తిన్నాడు, మూడుసార్లు పుట్టి, మూడుసార్లు స్వర్గీయుడై. సాఫ్ట్‌వేరుకు మిగిలింది ఇరవై చిల్లర. మూడు రోజులు నేను వైరస్ అని, గీతలు అని కొట్టుకున్నది దీనికా అని ఆ కాగితాన్ని ఉండ చుట్టి గోడకేసి కొట్టాను. చనిపోయిన మనిషి మీద కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది.

సి డ్రైవులో ఒకే ఒక్క అక్షరంతో ఫోల్డరు చేశాను. ఆదివారం మధ్యాహ్నానికి ఇరవై మిషన్లలోనూ ఎక్కేసింది. సాయంత్రం కరెస్పాండెంటు వచ్చాడు. ప్రోగ్రాము నడుస్తుంటే చూడలేదు. ఫోల్డరు చూశాడు.

"మా నాయన పేరు యాడ?"

"ఆ పేరు పొడుగు వల్లే ఆగింది సార్. దాంట్లో వేస్తే ఎక్కదు."

"మా నాయన పేరు అడ్డమా?"

అడ్డమే సార్ అని గొంతు దాకా వచ్చింది. ఆర్డరు గుర్తొచ్చి మింగేశాను. ఇరవై మిషన్ల డెస్క్‌టాప్‌ల మీద ఆ పూర్తి పేరుతో ఇరవై ఖాళీ ఫోల్డర్లు చేసిపెట్టాను. లోపల ఒక్క ఫైలు లేదు. అతను ఒక్కదాన్నీ తెరవలేదు. "ఇది మర్యాద" అని వెళ్లిపోయాడు.

ప్రాక్టికల్స్ బాగా జరిగాయి. నెలాఖరుకు ఆర్డరు వచ్చింది. ఇంటికి తెచ్చి మా నాయన చేతిలో పెట్టాను. నాకు తన తల్లి పేరు పెట్టుకున్న మనిషి ఆయన. ఎంత పొడుగైనా ఏనాడూ కుదించి పిలవలేదు. అద్దాలు పెట్టుకుని పైనుంచి చదివాడు. కాలేజీ పేరు లావు అక్షరాల్లో పైన మూడు వరసలు. మధ్యలో మళ్లీ ఒకసారి, కింద ముద్రలో ఇంకోసారి. ఆయన వేలు కాగితం చివరిదాకా వచ్చి ఆగింది.

"దీంట్లో నీ పేరు యాడుండాది పాపా?"

చూపించాను. గీత మీద చోటు చాల్లేదని టైపిస్టు రెండు పొడి అక్షరాలు, రెండు చుక్కలు పెట్టాడు.